మీ మాటలు మీరే మోసుకోండి

ఈ ఇంటి అన్నదమ్ములారా, మా నడుములు విరగ్గొట్టింది మీరే. మోటారు కాలిపోయిందన్నది ఉత్త సాకు.

కింది వాటాలో బావగారు, పై వాటాలో మేము. నీళ్ళ మోటారు రెండిళ్ళకూ ఒకటే. అది కాలిన రోజున, స్విచ్ ఆపలేదని మా ఆయన్ని బావగారు ఒక మాట అన్నారు, ఈయన రెండన్నారు. అప్పట్నుంచి మెట్ల మీద ఎదురుపడినా ఇద్దరూ గోడలు చూసుకుంటూ పోతున్నారు. వాళ్ళ బదులు మాట్లాడే పని నాకూ మా తోడికోడలికీ వచ్చిపడింది. వీధి కుళాయి నుంచి బకెట్లు మోసే పని ఎలాగూ మాదే.

మా ఆయన పేపరు మడుస్తూ అంటారు, "మీ బావగారితో చెప్పు. ఆ డొక్కు మోటారు తెచ్చింది తను. బాగు చేయించాల్సిందీ తనే. నేను వెళ్ళి బతిమాలను." నేను కిందకి వెళ్ళి, "కలిసి చేయిద్దాం అంటున్నారక్కా" అంటాను. అక్క పైకొచ్చి, "మీ బావగారు మెత్తబడ్డారే, ఆయనే చూస్తారట" అంటుంది. నేను మోసుకొచ్చిన నీళ్ళతో స్నానం చేసొచ్చి అత్తగారు తల తుడుచుకుంటూ, "మగాళ్ళ కోపాలు అంతేనమ్మా, ఆడవాళ్ళమే సర్దాలి" అంటుంది.

నాది ఫిర్యాదుల ఫోన్లెత్తే ఉద్యోగం. రోజంతా ఎవరెవరి తిట్లో వింటాను. విన్నందుకు అక్కడ జీతమైనా ఇస్తారు. నిన్న మా సూపర్‌వైజరు నా తడి బట్టలు చూసి, "నీ నీళ్ళ కథ నాకొద్దు. రేపూ ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు" అంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "కాస్త ముందు లేవచ్చుగా" అన్నారు.

ఈ పొద్దున కుళాయి దగ్గర అక్క అడిగింది. "మెకానిక్‌ని ఎప్పుడు పిలుస్తాడే మీ ఆయన? తమ్ముడు దిగొచ్చాడని మా ఆయన ఎదురుచూస్తున్నారు."

"దిగొచ్చింది బావగారని కదా నువ్వన్నావు? అసలు ఆయన ఏమన్నారక్కా?"

"ముందు వాణ్ణొచ్చి తప్పైపోయిందనమను, అన్నారు. మీ ఆయనో?"

చెప్పాను. అక్క కుళాయి కట్టేసి పగలబడి నవ్వింది. "లేని మంచితనం అంటగట్టాం కదే ఇద్దరికీ. హాయిగా కూర్చున్నారు."

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి కోపం ఎంతో ఎదుటివాడికి తెలిస్తే కదా తగువు తెగేది? ఆ తెగేదాన్ని తెగనివ్వకుండా, ఒక్కో మాటకీ చక్కెర అద్ది అందించింది మేమే. నా ఉద్యోగం పోయే దాకా తెచ్చుకున్నాను. ఇంకా సర్దాలట.

ఖాళీ బకెట్లతోనే తిరిగొచ్చాం. అక్క మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను తయారై, చెప్పులేసుకుని, మెట్ల మధ్యలో నిలబడి ఇద్దరినీ పిలిచాను. పైనుంచి అత్తగారు "ఏమిటా గొంతు" అంటూనే ఉంది.

"ఏమండీ, బావగారూ, ఇలా రండి. ఇన్నాళ్ళూ మీరు అన్నవేవీ మేం ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఇకమీదట అసలే చెప్పం. ఎదురెదురుగా నిలబడి మీరే అనుకోండి, కావాలంటే తిట్టుకోండి. నేను ఆఫీసుకి పోతున్నాను. అక్క కుర్చీలోంచి లేవదు. మోటారు బాగయ్యేదాకా నీళ్ళు మోసేది మీరిద్దరే. మీ అమ్మగారు స్నానానికి నీళ్ళ కోసం కూర్చున్నారు, మొదటి బకెట్ ఇప్పుడే తెండి."