గడ్డం గీసిన లాంచీ

నా కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోకముందే అత్తగారి వంటిల్లు పొగతో నింపేశాను. కాలేజీలో మంటల గురించి పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ ఎసరు త్వరగా కాగాలని పొయ్యి నిండా తుమ్మకట్టెలు కుక్కాను. మంట రాలేదు. పొగ మాత్రం మిద్దె గవాక్షం దాకా వచ్చింది.

మా అత్త ఓబులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏం పాపా, వంట చేస్తాండావా, దోమల్ని తరుముతాండావా?"

"కట్టెలు తడిగా ఉన్నట్టున్నాయి అత్తా."

"కట్టెలకేం, బాగుండాయి. గొంతు దాకా కుక్కితే పొయ్యికి ఊపిరి యాడిది?"

సగం కట్టెలు బయటికి లాగి, మిగిలినవాటిని ఒకదానికొకటి ఎడంగా సర్దింది. గాలి దూరింది. పొగ ఒక్కసారి తల వాల్చి మాయమైంది. పచ్చటి మంట కుండ అడుగును నాకడం మొదలుపెట్టింది. సగం కట్టెలకే ఎసరు మరిగింది! నేను చప్పట్లు కొట్టాను. ఎసరు మరిగితే చప్పట్లు కొట్టే కోడల్ని మా అత్త అదే మొదటిసారి చూడటం.

ఆ మధ్యాహ్నమే దేవేంద్రప్ప మామ వచ్చాడు. తుంగభద్ర అవతలి ఒడ్డున ఉన్న సాలెవాళ్ళ ఊరికి ఆయన పెద్ద. చేతిలో చిలప, అంటే తెల్లటి నూలు చుట్ట ఉంది. దాని మీద మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు.

"కోదండప్పా, ఇది చూడు. ఏమనుకుంటావు?" అన్నాడు మా ఆయనతో.

మా ఆయన తల దించుకున్నాడు. అది ఆయన లాంచీ మసి. కోస్తాలో ఎవరో మూలన పడేసిన ఆవిరి లాంచీని కొని, ముక్కలుగా రైల్లో తెప్పించి, మళ్ళీ బిగించుకున్నాడు. అవతలి ఒడ్డు నుంచి శెనక్కాయల మూటలు, కొత్తగా రాజధాని అయిన కర్నూల్లో ప్రభుత్వ ఆఫీసుల డేరాల కింద పరవడానికి నాపరాళ్ళు దాంట్లోనే వస్తాయి. లాంచీ గురించి మాట్లాడేటప్పుడు ఆయన కళ్ళు మెరుస్తాయి. మొదట్లో నాకు కొంచెం అసూయగా ఉండేది. ఇప్పుడూ ఉంది.

"మేం మగ్గానికెక్కించే పడుగు నూలు ఏటి గట్టున సాగదీసి గంజి పెడతాం. తడి గంజికి మసి అంటుకుంటే ఇంక వదల్దు. పెండ్లి చీరలు నల్లమచ్చలతో ఎవరు కట్టుకుంటారప్పా?"

"మీరు పడుగు వేసే పొద్దు లాంచీ తిప్పను మామా."

"వారం వారం పడుగు వేస్తాం. వారం వారం ఆపుతావా? సోమవారం తెల్లటి పడుగు గట్టు పొడుగునా వేస్తాండాం. నిండు బరువుతో మా ముందర నుంచే పో. ఒక్క నలక పడిందా, మా రేవులో నీ లాంచీ కట్టే గుంజ పీకేస్తాం. ఊరంతా కూర్చుని అనుకున్న మాట ఇది."

బండ్లు దిగే రేవు ఆ ఒడ్డున అదొక్కటే. గుంజ పీకితే లాంచీకి పనే లేదు. ఆలూరులో మా ఆయన పెదనాన్న ఎప్పటినుంచో చెబుతున్నాడు, ఆ ఇనప గంగాళం అమ్మేసి తన మెట్ట చేలు చూసుకోమని. మా ఆయన ఆలూరు ఎండలో మబ్బుల కోసం మొహం పైకెత్తి కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను.

"పొగంటే ఏమిటి? కాలకుండా పారిపోయిన కట్టే కదా!" అన్నాను గట్టిగా. "మన వంటింట్లో పొద్దున జరిగింది అదే!"

మా ఆయన నా వంక అయోమయంగా చూశాడు. మర్నాడే నన్ను లాంచీ దగ్గరికి తీసుకుపోయాడు.

పొయ్యి చూసుకునే చిన్న ఈరన్న మీసాల మనిషి, మంచి బలశాలి. మొద్దు తర్వాత మొద్దు లోపలికి తోస్తున్నాడు. పొగగొట్టం నుంచి నల్లటి పొగ బర్రెతోకలా వేలాడుతోంది.

"ఈరన్నా, సగం తీసేయ్. చీల్చిన ఎండు కట్టెలు కొంచెం కొంచెంగా, ఎడం ఎడంగా వేయి. గాలి దూరేట్టు కింది తలుపు తెరువు."

"నిండుగా తింటే కదమ్మా పని చేసేది! పస్తు పెడితే లాంచీ యాడికి పోతాది?"

వేసి చూశాం. పొగ తగ్గింది. లాంచీ జోరు కూడా తగ్గింది. ఏటి మధ్యలో చూడి బర్రెలాగా నిలబడిపోయింది. ఈరన్న మీసం కింద నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

నేను అంచు మీద వంగి నీళ్ళలో చెయ్యి పెట్టాను. లాంచీ ఒంటికి ఏదో మెత్తగా, జారుడుగా తగిలింది. పిడికెడు పీకి పైకి తీస్తే పచ్చటి పాచి, జానెడు పొడుగు!

"ఏమండీ! మీ లాంచీకి గడ్డం పెరిగింది!"

ప్రతి శుక్రవారం లాంచీ ముందు భాగాన్ని కడిగి పసుపు రాసి, గంగమ్మ తల్లి మొహం దిద్ది, పూలు పెడతారు. నీళ్ళ కింద ఏముందో తెచ్చిన నాటి నుంచి ఎవరూ చూడలేదు. ఆ గడ్డాన్నంతా ఏట్లో ఈడ్చుకుంటూ పోవడానికే సగం కట్టెలు కాలుతున్నాయి.

ఇసుక దిబ్బ మీదికి మోకులు కట్టి లాగించారు. పొగగొట్టం లోపలి పాత మసి దులిపేసి, అడుగును కొబ్బరి చిప్పలతో గీకాం. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని గీకుతుంటే మా ఆయన పక్కకు వచ్చి, "నాకెప్పుడైనా ఇంత శ్రద్ధగా గీస్తావా?" అన్నాడు. పాచి ముద్ద తీసి ఆయన బుగ్గకు అంటించాను. ఈరన్న మర్యాదగా అటు తిరిగి ఏరు చూశాడు.

ఇంకొకటి మిగిలింది. బరువంతా లాంచీ వెనక భాగంలోనే పెట్టేవాళ్ళు. గంగమ్మ మొహం దగ్గర మూటలు పెట్టడం అపచారమని ఈరన్న పట్టు. అందుకే లాంచీ ముక్కు పైకెత్తుకుని, వెనక కూలబడి పోయేది. నేను చెబితే వినడు, మా ఆయన చెబితే చెవులు మూసుకుంటాడు. ఆఖరికి మా అత్తను పిలిచాం. ఆమె ఒడ్డున నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమప్పా ఈరన్నా, తల్లి మొగం ఆకాశం దిక్కు ఉంటే ఏటిని ఎట్ల చూస్తాది? దించు. ఏటి తల్లి ఏటినే చూడాల."

ఈరన్న రెండు వరసల మూటలు ముందుకు జరిపాడు. లాంచీ సమంగా కూర్చుంది.

సోమవారం పొద్దున అవతలి గట్టున పడుగు ఎండలో పాలధారలా మెరుస్తోంది. ఊరంతా దాని వెనక నిలబడింది. ముందు తెచ్చిన మూటలు, నాపరాళ్ళే పరీక్ష కోసం మళ్ళీ నిండుగా ఎక్కించుకుని మేం బయలుదేరాం. చుక్కాని మా ఆయన చేతిలో ఉంది. ఆయనకు జోరు ఇష్టం. ఆ రోజు నిదానంగా పోతానని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

గట్టు దగ్గరకొచ్చేసరికి గాలి తిరిగింది. నేరుగా పడుగు మీదికే. ఎదురు నీరు లాంచీని నెట్టింది. ఈరన్న చెయ్యి అలవాటుగా పెద్ద మొద్దుల మీదికి పోయింది.

నేను గబుక్కున పోయి ఆ మొద్దుల కుప్ప మీద కూర్చున్నాను.

"లెయ్యమ్మా! జోరు తగ్గుతాది!"

"తగ్గదు! చిన్న కట్టె వేయి. నేను లేవను!"

కొత్త పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టి లేపడం ఎట్లాగో ఈరన్నకు తెలియలేదు. గొణుక్కుంటూ రెండు చీలికలు వేశాడు. పొయ్యిలో మంట పచ్చగా లేచింది. తలెత్తి చూశాను. పొగగొట్టం పైన గాలి వేడికి వణుకుతోంది, అంతే! అడుగు నున్నగా, ముక్కు సమంగా ఉన్న లాంచీ ఎదురు నీటిని కోసుకుంటూ పడుగు పొడుగునా, ఈ చివర నుంచి ఆ చివరకు, పెళ్ళిపందిట్లో నడిచినట్టు పోయింది.

మేం రేవులో దిగాం. దేవేంద్రప్ప మామ తడి నూలు మీద అరచెయ్యి ఆనించి గట్టంతా నడిచాడు. చివరికి పోయి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఊరికి చూపించాడు. గంజి తప్ప ఏమీ లేదు.

"గుంజ ఇంకొంచెం లోతుగా పాతండప్పా! శానా కాలం ఉండాల్సిన లాంచీ ఇది!" అని కేకేశాడు.

జనం ఈలలు వేశారు. మా ఆయన అందరి ముందరా నా చెయ్యి పట్టుకుని, గుర్తొచ్చి వదిలేసి, మళ్ళీ పట్టుకున్నాడు. ఈరన్న మిగిలిన కట్టెల కుప్పను అందరికీ చూపిస్తూ, అదంతా తన తెలివేనన్నట్టు మీసం దువ్వాడు. దువ్వుకోనీ.

వెనక్కి వచ్చేసరికి మా అత్త ఒడ్డున హారతి పళ్ళెంతో ఉంది.

"ఇంతమంది కళ్ళు పడినాయి. ఆగండి, దిష్టి చుక్క పెడతా," అని లాంచీ ఎక్కి, పొగగొట్టం అంచు లోపల వేలితో రాసింది. వేలు చూసుకుంది. ఇంకోసారి గట్టిగా రుద్దింది.

"ఏందిరా కోదండా! పిల్ల బుగ్గన చుక్క పెడదామంటే ఇంత మసి కూడా లేదే నీ లాంచీలో!"

ఏటి గట్టంతా నవ్వింది. చివరికి ఇంటికి పోయి, మొన్న నేను పొగ పట్టించిన కుండ అడుగు నుంచి మసి తెచ్చి, ఒక చుక్క నాకు, ఒక చుక్క లాంచీకి పెట్టింది. లాంచీ చుక్కే పెద్దది. ఈసారికి నేనేమీ అనుకోలేదు.