పొలుసన్న చెప్పిన వంట

ఆ సూపర్‌మార్కెట్లో చేపల కౌంటర్ వెనక పంతొమ్మిదేళ్లుగా నిలబడుతున్న మనిషిని అందరూ పొలుసన్న అంటారు. ఎంత తోముకున్నా మోచేతి దగ్గరో చెవి వెనకో ఒక పొలుసు అంటుకుని మెరుస్తూనే ఉంటుంది. ఆ పేరుకి ఆయన ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా.

పొద్దున ఆరింటికి మంచు పరవడంతో పని మొదలవుతుంది. పదింటికల్లా వేళ్లు మొద్దుబారిపోతాయి. మధ్యాహ్నానికి మోకాళ్లు మాట్లాడటం మొదలుపెడతాయి. మిగతా సమయమంతా జనం మాట్లాడతారు. సాల్మన్ చేప కొనేవాళ్లలో సగం మంది అడిగే ప్రశ్న ఒకటే: "దీన్నెలా వండాలండీ?"

పొలుసన్న చేతిలోని కత్తి ఆపకుండానే అప్పజెబుతాడు. "రెండు చెంచాలు గోధుమరంగు పంచదార, చెంచా కారం, అర చెంచా ఉప్పు, కాస్త వెల్లుల్లి పొడి, మిరియాల పొడి. ముక్కకి నూనె రాసి ఇవన్నీ కలిపి పట్టించండి. ఒవెన్ బాగా వేడెక్కాక ఇరవై అయిదు నిమిషాలు. తియ్యగా కారంగా, ప్లేటు నాకేస్తారు."

జనం తలూపి వెళ్లిపోతారు. ఆ వంట ఆయనకి నేర్పింది అంతకుముందు అదే కౌంటర్లో పనిచేసి రిటైరైన పెద్దాయన. నేర్పడమంటే చెప్పడమే. పొలుసన్న దాన్ని ఒక్కసారి కూడా వండలేదు. ఆయనింట్లో చేప వండరు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే భార్య తేల్చి చెప్పింది: "మీరు గుమ్మం ఎక్కకముందే మీ వాసన వచ్చి కుర్చీలో కూర్చుంటోంది. ఇంక చేప కూడా ఎందుకు?" ఆయనకీ అది న్యాయంగానే తోచింది.

ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి, జనం పలచగా ఉన్నప్పుడు, కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గరికొచ్చింది. సంచిలోంచి ఒక డబ్బా తీసి, మూత తెరిచి, అద్దం మీద పెట్టింది. లోపల బొగ్గులాంటిది ఒకటుంది.

"ఇదేంటమ్మా?"

"నువ్వు చెప్పిన వంట బాబూ."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకి ఇబ్బందయింది. కోప్పడేవాళ్లకి ఏం చెప్పాలో ఆయనకి తెలుసు.

"నువ్వు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్నాను," అందావిడ. "చెంచా కూడా నిండుగా తీసుకున్నాను. మా చెల్లెలు తొమ్మిదేళ్ల తర్వాత మా ఇంటికి భోజనానికొచ్చింది. మా మధ్య మాటల్లేవులే, అదో పెద్ద కథ. ఇల్లంతా పొగ. గోడ మీది పొగ అలారం కుయ్యోమంటూ ఆగదు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని బ్రెడ్డు తిన్నాం."

"ఒవెన్ వేడి మరీ ఎక్కువైందేమోనమ్మా."

"కావచ్చు. మీ ఇంట్లో ఎంతలో పెడతారు?"

పొలుసన్న కౌంటర్ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అబద్ధం ఆడొచ్చు, ఒక అంకె చెప్పేస్తే అయిపోతుంది. కానీ ఆ నల్లటి ముక్క ఎదురుగా ఉంది.

"మా ఇంట్లో చేసుకోమమ్మా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

ఆవిడ డబ్బా మూత పెట్టుకుని, "సరేలే బాబూ," అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి రెండు సాల్మన్ ముక్కలు పట్టుకెళ్లాడు. భార్య బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేస్తుంది. పొద్దంతా ప్యాంట్ల అంచులు మడిచి కుట్టి, మెడ పట్టేసి, సోఫాలో వెనక్కి వాలి ఉంది.

"ఏంటా పొట్లం?"

"చేప."

ఆమె లేచి కూర్చుంది. "ఒంట్లో బాగానే ఉందా మీకు?"

ఆయన జరిగింది చెప్పాడు. ఆమె విని, లేచి కిటికీలన్నీ తెరిచింది. వంటగదిలో గోడకి అమర్చిన ఒవెన్ ఇల్లు అద్దెకి తీసుకున్నప్పటినుంచీ ఉంది. అందులో వాళ్లు పాత మూకుళ్లు, జత దొరకని మూతలు దాస్తారు. వాటన్నిటినీ నేల మీదికి దించేసరికే ఇద్దరికీ నడుం పట్టేసింది.

ఆయన పొడులన్నీ గిన్నెలో కలిపాడు. రోజుకి పదిసార్లు నోటితో కలిపే మసాలా చేత్తో కలపడం అదే మొదలు. చేతికి గరుగ్గా తగిలింది. ఒక ముక్కకి పట్టించి, ఒవెన్ గుండీ చివరిదాకా తిప్పి, లోపల పెట్టాడు.

పన్నెండో నిమిషానికి మంచి వాసన వచ్చింది. పదిహేనో నిమిషానికి ఆ వాసన మారింది. తర్వాత పొగ.

"తీసేయండి, మాడిపోతోంది!"

"ఇరవై అయిదని చెప్పాను. ఉండనీ."

"ఎవరికి చెప్పారు?"

"అందరికీ."

ఆమె దగ్గుతూ తువ్వాలుతో కిటికీవైపు పొగ విసురుతూ నిలబడింది. ఆయన గడియారం చూస్తూ కదల్లేదు. ఇరవై అయిదు నిమిషాలయ్యాక పళ్లెం బయటికి తీస్తే, పెద్దావిడ డబ్బాలో ఉన్నదానికి కవలపిల్లలా ఉంది.

పొలుసన్న స్టూలు మీద కూలబడ్డాడు. "ఎంతమందికి చెప్పానో లెక్కే లేదే. ఆవిడ తప్ప ఒక్కరూ వచ్చి అడగలేదు."

"ఎందుకడుగుతారు? పంతొమ్మిదేళ్లుగా చేపలు కోసేవాడు తప్పు చెబుతాడా? మన చెయ్యే మంచిది కాదనుకుని ఉంటారు."

ఆ మాట ఆయనకి లోపల ఎక్కడో తగిలింది. ముక్కు ముఖం తెలియని ఆడవాళ్లు, మగవాళ్లు, తమ వంటగదుల్లో మాడిన ముక్కల ముందు నిలబడి, వంట రాదని తమని తామే తిట్టుకుంటూ కనిపించారు. ఆయన మొహం రుద్దుకున్నాడు. అప్పుడు రిటైరైన పెద్దాయన గొంతు గుర్తొచ్చింది. వంట చెప్పేటప్పుడు ఆయన రెండు అరచేతులూ బోర్లించి చూపించేవాడు.

"రేకు," అన్నాడు పొలుసన్న.

"ఏం రేకు?"

"పైన అల్యూమినియం రేకు కప్పాలి. కప్పి ఇరవై, తీసేసి అయిదు. ఆయన అలాగే చెప్పేవాడు. నేను కూడా మొదట్లో అలాగే చెప్పేవాణ్ణి. ఎప్పుడు వదిలేశానో..."

ఎప్పుడని ఆయనకే తెలియదు. ఏ రద్దీ రోజో, జ్వరం వచ్చిన రోజో, వాక్యం కాస్త పొట్టిగా ఉంటే బాగుంటుందనిపించి ఉంటుంది. సబ్బు అరిగినట్టు మాట నోట్లో అరిగిపోయింది. మిగిలిన ముక్కే మొత్తమనుకున్నాడు.

"ఇంకో ముక్కుందిగా," అంది భార్య.

"ఓపిక లేదే."

"నాకు మాత్రం ఉందా? లేవండి."

ఆమె రెండో ముక్కని వేలితో నొక్కి చూసింది. "మీ పెద్దాయన కోసినప్పుడు కూడా ఇంత పల్చగానే ఉండేదా?"

"లేదు. అప్పట్లో దీనికి రెండింతలు ఉండేది. తర్వాత కంపెనీవాళ్లు పల్చగా కోయమన్నారు."

"మరి కంబళికీ పల్చటి చొక్కాకీ ఒకటే ఇస్త్రీ వేడి పెడతామా? గుండీ కాస్త తగ్గించండి. నిమిషాలు కూడా తగ్గించండి."

రేకు కప్పి పన్నెండు నిమిషాలు ఉంచారు, తీసేసి మూడు. ఈసారి ఆయన ఒవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చున్నాడు. చివరి మూడు నిమిషాల్లో పంచదార కరిగి, కారంతో కలిసి, ముక్క మీద సన్నగా బుడగలు కట్టింది. తీసి ఫోర్కుతో తాకితే పొరలు పొరలుగా విడిపోయింది.

ఒక్క ముక్కనే ఇద్దరూ పంచుకున్నారు. మొదట తీపి తగిలింది, తర్వాత నాలుక చివర కారం. పొలుసన్న నెమ్మదిగా నమిలాడు. రోజూ చేత్తో తిప్పేదాని రుచి ఇదా అనుకున్నాడు. సంతోషపడాలంటే కూడా నడుం నొప్పి అడ్డొచ్చింది.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది ఆమె. ఇంకో ముద్ద తీసుకుంటూ, "అలాగని వారం వారం పొట్లం పట్టుకు రాకండి," అంది.

కిటికీలు తెరిచే ఉంచి పడుకున్నారు. అయినా తెల్లారేసరికి ఇల్లంతా మాడు వాసనే.

మర్నాటి నుంచి ఆయన రేకుతో సహా చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టింది, వరస పొడుగైంది. "అన్నా, వంటల క్లాసు పెట్టావా ఏంటి?" అని సూపర్‌వైజర్ అరిచాడు. ఆయన తలూపి, మళ్లీ అలాగే చెప్పాడు. పాత మాట విని వెళ్లినవాళ్లు మాత్రం మళ్లీ ఎదురుపడినా ఆయన గుర్తుపట్టలేడు. వాళ్లకి చెప్పే దారి లేదు. ఆ బరువు అలాగే ఉండిపోయింది.

పెద్దావిడ పదహారు రోజుల తర్వాత వచ్చింది, రొయ్యల కోసం. ఆమె ముందు ఇద్దరున్నారు. పొలుసన్న కత్తి పక్కన పెట్టి, వాళ్లని ఆగమని, చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు తప్పు నాదే. పైన రేకు కప్పాలి. ఆ మాట నేను మింగేశాను. ఇంట్లో వండి చూశాకే తెలిసింది."

"అయ్యో, మా ఒవెన్ పాడైందనుకుని మనిషిని పిలిపించానయ్యా! అతను గంటసేపు దాన్ని ఊడదీసి, అంతా బాగానే ఉందని పోయాడు." ఆవిడ నవ్వింది. తర్వాత కళ్లజోడు సరిచేసుకుంది. "మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. అక్కా, నీ బొగ్గుముక్క ఎలా ఉందీ అని అడిగింది. ఇన్నేళ్లలో తనకై తను చేసిన ఫోను అదొక్కటే."

"మళ్లీ వస్తారా ఆవిడ?"

"వస్తుందో రాదో. వస్తానని అయితే అనలేదు." ఆవిడ మంచు మీద పరిచిన సాల్మన్‌వైపు చూసింది. "సరే, రెండు ముక్కలు కొయ్యి. కాస్త మందంగా."

ఆయన కోశాడు. మందం ముక్కలకి రేకు కప్పి ఎంతసేపో, తీసేసి ఎంతసేపో పొట్లం కాగితం మీద పెన్నుతో రాశాడు. మంచుకి వేళ్లు బిగుసుకుపోయి అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆగినవాళ్లలో ఒకతను మెడ చాచి చూసి, "మాకూ రాసివ్వండి," అన్నాడు. షిఫ్టు అయిపోవడానికి ఇంకా మూడు గంటలుంది. పొలుసన్న ఇంకో కాగితం లాగాడు.