కొమ్ములు దింపిన రోజు

"అందరికీ సరిపోయేలా చెయ్యి. తెల్లదొర కూడా తింటాడట," అన్నాడు మా ఆయన ఈనస్, గుమ్మంలో కూచుని బూట్లు తుడుచుకుంటూ. నేను బూడిద నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్నల్ని బుట్టలో వేసి కడుగుతున్నాను. పొట్టు పూర్తిగా వదలకపోతే సూపు చేదెక్కుతుంది. పొద్దుటి నుంచీ ఇదే పని, నడుం పడిపోతోంది. కొత్త సభ తొలి రోజట, వంట మాత్రం నేనే చెయ్యాలట. చెయ్యనని అనలేదు. నా కొడుకు తినేది కదా.

మా అమ్మమ్మ కాలంలో మా ఆదివాసీ తెగలో మొగుళ్ళందరూ ఇల్లరికమే. ఇల్లు ఆడదానిది, పొలం ఆడదానిది, పిల్లలది తల్లి వంశం. పెద్దల సభలో కూచునేది మగాళ్ళే గానీ, ఎవరు కూచోవాలో చెప్పేది వంశంలో పెద్ద ఆడది. అతని నెత్తిన జింక కొమ్ముల టోపీ పెట్టేది ఆవిడే. అతను దారి తప్పితే మూడుసార్లు హెచ్చరిస్తుంది. అప్పటికీ వినకపోతే దింపేస్తుంది. దింపినవాడికి మళ్ళీ పెట్టకూడదు. మా తాబేలు వంశంలో ఆ పెద్దరికం అమ్మ నుంచి నాకొచ్చింది. నా కొడుకు ఎఫ్రాయిమ్‌కి కొమ్ములు పెట్టింది నేనే. ఆ రోజు వాడు తల వంచి నిలబడితే, చిన్నప్పుడు జుట్టు దువ్వించుకోడానికి వంచినట్టే ఉంది. ఎంత మురిసిపోయానో!

పోయిన శీతాకాలం కెనడా దొరతనం పోలీసులు వచ్చి మా సభ ఇంటికి తాళం వేశారు. ఇకమీదట సభలో ఎవరు కూచోవాలో తేల్చేది ఓట్లట. అవీ మా మగాళ్ళకే. "హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు కదే, నీకెందుకీ తలనొప్పి?" అన్నాడు ఈనస్, నాకేదో మేలు జరిగినట్టు. ఎఫ్రాయిమ్ ఆ ఓట్లలో నిలబడతానన్నాడు. వద్దన్నాను. "కాలం మారిందమ్మా. లోపలుంటేనే కదా మనవాళ్ళకి ఏదైనా చెయ్యగలిగేది," అన్నాడు. గెలిచాక మళ్ళీ చెప్పాను. "నీ పెద్దరికం పోయిందనే కదా నీ బాధంతా!" అన్నాడు. అందులో కాస్తో కూస్తో నిజం ఉందేమోనని, నాకు చాన్నాళ్ళు తిండి సహించలేదు.

మూడో హెచ్చరిక నలుగురిలో చెప్పాలి. వాడు లేచి వస్తాడనే అనుకున్నాను. అలా అనుకోకపోతే కొత్త సభ దాకా అంత దూరం ఆ సూపు కుండ మొయ్యగలిగేదాన్నా?

సభలో, దొరతనం పంపిన ఆ దొర నా కొడుకు పక్కనే కూచున్నాడు. కుండ దింపి, మా భాషలో అన్నాను, "ఎఫ్రాయిమ్, ఇది మూడోసారి. లేచి నాతో రా నాయనా."

మగాళ్ళందరూ తలలు దించుకున్నారు. ఈనస్ నా మోచెయ్యి పట్టి గుంజాడు. "పరువు తియ్యకే. వడ్డించేసి పో."

"ఏమంటోంది మీ అమ్మ?" అన్నాడు దొర, నవ్వుతూ.

ఎఫ్రాయిమ్ నా వైపు చూడలేదు. "సూపు చల్లారిపోతోందంటోంది సార్," అన్నాడు ఇంగ్లీషులో. ఆపాటి ఇంగ్లీషు నాకూ వచ్చు.

కోపం రాలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. వాడి తల మీద చెయ్యి పెట్టాను.

"మన వంశం పేరు మీద నీ కొమ్ములు దింపేస్తున్నాను. ఇకమీద నువ్వు మా పెద్దమనిషివి కావు. నా కొడుకువి, అంతే."

వాడి భుజాలు కదిలాయి. తల మాత్రం ఎత్తలేదు. నేను గరిటె తీసుకుని, మొదటి గిన్నె వాడికే నింపాను.

"చల్లారిపోతోంది. తిను నాయనా."