ఏడు పచ్చలు, ఒక ఎరుపు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో మెషీన్ల మూతులన్నీ మోకాళ్ళ ఎత్తులోనే ఉంటాయి. తడి దుప్పట్లని వంగి లాగాలి, భుజం దాకా ఉన్న బండిలోకి ఎత్తి పడెయ్యాలి. పదకొండేళ్ళుగా అదే పని చేస్తున్న పెద్దక్కకి, తనకో నడుం ఉందన్న సంగతి రోజుకి నాలుగు వందలసార్లు గుర్తొస్తుంది. మెషీన్ల కింద మూరెడు దిమ్మెలు కట్టించమని రెండేళ్ళుగా అడుగుతోంది. మేనేజరు "చూద్దాం" అంటాడు. ఆయన చూపు ఇంకా అటు రాలేదు.

ఒకరోజు బెల్టులు వచ్చాయి. వీపుకి కట్టుకుంటే, ఎన్నిసార్లు ఎంతెంత వంగారో కంప్యూటరుకి అవే చెప్పేస్తాయట. నడుముకి ముప్పుంటే ఎరుపు, లేకుంటే పచ్చ.

"వారం రోజులు మామూలుగా పనిచెయ్యండి. ఎరుపులు ఎక్కువొస్తే దిమ్మెలు కట్టించాల్సిందే" అన్నాడు బెల్టులు తెచ్చిన ఇంజనీరు.

పెద్దక్కకి ప్రాణం లేచొచ్చింది. తన నోటిమాట నమ్మనివాళ్ళు బెల్టు మాటైనా నమ్మకపోతారా?

అక్కడే పనిచేసే తోటికోడలు మాత్రం అన్నం తింటూ గొణిగింది. "ఎరుపొచ్చినవాళ్ళని పనికిరారని పంపించేస్తారక్కా."

"ఎవరే చెప్పింది?"

"ఒకరు చెప్పాలా? మన మంచికోసం వీళ్ళు బెల్టులు కొన్నారంటే నువ్వు నమ్ముతావా?"

"ఈ ఒక్క వారం మామూలుగా వంగండే, తల్లీ."

"నువ్వు ముందు వంగక్కా. నీ వెనకాలే మేం."

మర్నాటినుంచి పెద్దక్క తప్ప మిగతా ఏడుగురూ కర్ర మింగినట్టు పనిచేశారు. మోకాళ్ళ మీద కూర్చుని, ఇద్దరికో దుప్పటి చొప్పున, ఫోటోకి నిలబడ్డట్టు ఎత్తారు. అలా చేస్తే పని తెమలదు కదా. మిగిలిందంతా పెద్దక్క వంగి లాగింది.

వారం తర్వాత తెర మీద ఏడు పచ్చలు, ఒక ఎరుపు.

"మెషీన్లలోనే తప్పుంటే ఎనిమిది నడుములూ ఎర్రబడాలి కదమ్మా. నీకు వంగడం రావట్లేదు" అన్నాడు మేనేజరు. ఇంజనీరు తెరనే చూస్తూ, లెక్క ప్రకారం అంతేనన్నాడు.

వాళ్ళు మామూలుగా చెయ్యలేదు సార్ అన్న మాట పెద్దక్క నాలుక చివరి దాకా వచ్చింది. ఏడుగురూ నేలకేసి చూస్తున్నారు. ఆ మాట అంటే బెల్టుని మోసం చేశారని వాళ్ళకే చుట్టుకుంటుంది. మింగేసింది. దిమ్మెల కాగితం ఫైల్లోకి వెళ్ళిపోయింది.

పెద్దక్కకి వంగడం నేర్పమని తోటికోడలికి పురమాయించారు.

"మోకాళ్ళు వంచాలక్కా, నడుం కాదు" అంది ఆవిడ మేనేజరుకి వినబడేలా. ఆయన వెళ్ళాక గొంతు తగ్గించింది. "కోపమా?"

"పచ్చదానివి, నీ మీద కోపమేంటే. అటువైపు పట్టు."

మెషీను ఆగింది. బెల్టులు ఎప్పుడో వెళ్ళిపోయాయి కాబట్టి, ఇద్దరూ నడుం వంచి లాగడం మొదలుపెట్టారు.