టెడ్ బకానీ చెవి మిషన్లు

రహస్య గది తలుపు మూసుకుంటుండగా అందరూ టెడ్ అని పిలిచే టియోడులో బకానీ చెవిలో గంట మోగింది. కూతురు ఫోన్ చేసినప్పుడు మోగే గంట అది. ఫోనేమో బయట అరలో ఉంది. ఆ గదిలోకి ఫోనుగానీ, దాంతో కలిసే మరే వస్తువుగానీ తేకూడదు. చేతి గడియారాలు కూడా అరల్లోనే పెట్టి వస్తారు.

మోగింది చెవి మిషన్లలో. పోయినవారం కూతురు కొనిచ్చింది. పాతవి ఫోనుతో కలిసేవి కావు.

గదిలో తెరమీద జలాంతర్గామి శబ్దాల పటం వేశారు. ఆ శబ్దాలను పట్టే యంత్రం బకానీ తయారుచేసిందే. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో అనే ఊరి నుంచి అమెరికా వచ్చి, ఈ నేవీ పరిశోధనశాలలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ఉప డైరెక్టరు దాకా వచ్చాడు. డైరెక్టరు పదవికి మర్నాడు వాషింగ్టన్‌లో ఇంటర్వ్యూ. బయటి దేశంలో పుట్టినవాడి ఫైలు రెండుసార్లు చదువుతారని అతనికి తెలుసు. మనీలాలోని తమ్ముడు ఉద్యోగం మారినప్పుడల్లా ఆ సంగతి కూడా తనే సెక్యూరిటీ వాళ్ళకు చెబుతూ వచ్చాడు.

మిషన్లు తీసి జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. బకానీ లేచి తలుపు తీయమన్నాడు.

వరండాలో సహోద్యోగి గ్రెగ్ లిండ్‌క్విస్ట్ వెనకాలే వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"రేపు అయ్యాక చెప్పు టెడ్. కొంప మునగదు."

"రేపు వాళ్ళు అడుగుతారు, ఈమధ్య ఏదైనా పొరపాటు చేశావా అని."

"లేదను. వినబడలేదని చెప్పు. నీకు ఎలాగూ వినబడదుగా."

బకానీ సెక్యూరిటీ ఆఫీసు వైపు నడిచాడు.

సెక్యూరిటీ అధికారి మార్వా టిల్లరీ మిషన్లు సంచిలో వేసి సీలు చేసింది.

"పరీక్ష అయ్యేదాకా ఇవ్వలేను డాక్టర్ గారూ."

"కాస్త గట్టిగా చెప్పండి."

"ఇవ్వలేనంటున్నాను. రేపటి ఇంటర్వ్యూ ప్యానెల్‌కి కూడా ఇవాళే చెప్పాలి నేను."

"ఏం చెబుతారు?"

"జరిగింది. మీరే వచ్చి చెప్పారని కూడా."

ఇంట్లో పాత మిషన్లకోసం సొరుగులన్నీ వెతికాడు. భార్య పెర్ల అతని ముందుకొచ్చి నిలబడి, చేతులు తిప్పుతూ అరిచింది.

"చర్చిలో ఇచ్చేశాను. నువ్వేగా ఇమ్మన్నావు. ఆయనెవరో ఇప్పుడు హాయిగా పాటలు వింటున్నాడు."

మర్నాడు ప్యానెల్ గదిలో బల్ల పొడవుగా ఉంది. అధ్యక్షురాలు అవతలి చివర కూర్చుంది. ఆమె పెదవులు కదిలాయి. అందరూ బకానీ వైపు చూశారు. ఆమె కాగితం మీదికి వంగి మళ్ళీ ఏదో అంది. పక్కనున్నాయన ముఖం చిట్లించాడు. అడిగింది యంత్రం గురించో, నిన్న గదిలో జరిగినదాని గురించో బకానీకి తెలియలేదు.

"నాకు వినబడలేదు," అన్నాడు. "మిషన్లు సెక్యూరిటీ దగ్గరున్నాయి. ఎందుకో మీకు చెప్పే ఉంటారు."

అతను కుర్చీ ఎత్తుకుని బల్ల వెంబడి నడిచి, ఆమెకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు అడగండి."