మెర్సీ మానేసిన అన్నం

"నీకు షుగర్ ఉన్నట్టుందమ్మా."

డాక్టర్ హేమశ్రీ ఆ మాట అనగానే మెర్సీ నమ్మలేనట్టు చూసింది. నరసాపురంలో కాలవగట్టు మీద తెల్లారేలోపు పది మైళ్ళు పరుగెత్తే మనిషి. ఒళ్ళంతా ఎముకలూ నరాలే. షుగరేంటి?

తమ్ముడు సాల్మన్‌కి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అమ్మ సువార్తమ్మ బీపీ మనిషి, ఆమె కిడ్నీ పనికిరాదన్నారు. ఇక ఇవ్వడానికి ఉన్నది మెర్సీ ఒక్కతే. షుగర్ ఉంటే ఆమె కిడ్నీ కూడా తీసుకోరు.

"యంత్రం తప్పేమోనండీ!"

"రెండుసార్లు చూశాం." డాక్టర్ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. పరుగు తీసేవాళ్ళ మీద ఆవిడ చేస్తున్న పరిశోధన కోసం, మెర్సీ అనుమతితోనే తీయించిన తొడ స్కాన్ అది. "ఇదిగో, నీ కండరాల్లో కొవ్వు. షుగర్ పేషెంట్లకు ఉన్నంత ఉంది."

పక్క కుర్చీలోంచి సాల్మన్ నవ్వబోయాడు. "ఏంటే అక్కా, బక్కదానివనుకుంటే లోపల దాచావా?"

"కంగారుపడకండి," అంది డాక్టర్. "ఈ కొవ్వు నన్ను భయపెట్టడం లేదు. దూరాలు పరుగెత్తేవాళ్ళకు కండరంలో కొవ్వు ఉంటుంది. వాళ్ళకది ఇంధనం. రోజూ ఖర్చవుతుంది, రోజూ నిండుతుంది. కదలనివాళ్ళకు అదే కదలకుండా పేరుకుని ఇన్సులిన్‌కి అడ్డుపడుతుంది. నన్ను భయపెడుతున్నది షుగర్ పరీక్ష. అసలు నువ్వేం తింటున్నావమ్మా?"

"గుడ్లు, చేప, ఆకుకూరలు."

"అన్నం?"

మెర్సీ తల దించుకుంది. వెనక కూర్చున్న సువార్తమ్మే గర్వంగా అందుకుంది. "శ్రమదినాలండి, ఈస్టర్ పండగ ముందు నలభై రోజులు. చర్చిలో అందరూ మాంసం మానితే ఇది అన్నం మానింది. రొట్టె, పండు, పంచదార, ఏదీ ముట్టలేదు. తమ్ముడి కోసం దేవుడి దగ్గర మొక్కుబడి చేసుకుందండి."

"పరీక్షలో షుగర్ కూడా తక్కువొస్తుందనుకున్నానండీ," అంది మెర్సీ నెమ్మదిగా.

డాక్టర్ చేతిలో పెన్ను బల్ల మీద పడింది.

"అయ్యో! అందుకేనేమో. అన్నం మానేసరికి ఒళ్ళు పూర్తిగా కొవ్వు మీద నడవడం నేర్చుకుంది. పరీక్ష కోసం ఒక్కసారిగా గ్లూకోజ్ నీళ్ళు తాగించేసరికి దాన్నెలా వాడాలో దానికి తోచలేదు. కొన్నాళ్ళు కడుపునిండా అన్నం తిని రా. మళ్ళీ చేద్దాం. అప్పుడూ ఎక్కువొస్తే మాత్రం నేనేం చేయలేను."

తమ్ముణ్ణి బతికించడానికి మానేసిందే, తమ్ముడికి అడ్డుపడింది!

ముందు తేరుకున్నది సువార్తమ్మ. "పండగ దాకా ఆగకూడదాండీ? దేవుడి ఎదుట ఒప్పుకున్నదాన్ని ఎలా విరవమంటారు?"

"అబ్బాయి అంతదాకా ఆగగలడో లేదో చెప్పలేనండి."

సాల్మన్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. డయాలిసిస్ సూదులు పొడిచి పొడిచి అతని చెయ్యి గడ్డలు కట్టి ఉంది. "అమ్మా, అక్క నా కోసమేగా మానేసింది? ఇప్పుడు నా కోసమే తినమను. దేవుడికి నేను చెప్పుకుంటాలే."

సువార్తమ్మ ఆ చేతి వంక చాలాసేపు చూసింది. ఇంటికెళ్ళగానే పొయ్యి వెలిగించింది. ఆ పూట ప్రార్థన చేయకుండానే కూతురికి తనే వడ్డించింది. మొదటి ముద్దను మెర్సీ నమిలి నమిలి మింగింది. రెండో ముద్దకు ఏడుపొచ్చింది. మూడో ముద్ద నుంచి ఆవురావురుమని తినేసింది.

వారం తిరక్కుండానే రెండో పరీక్ష జరిగింది. ఫలితం చెప్పడానికి డాక్టర్ స్వయంగా వరండాలోకి వచ్చింది.

"షుగర్ మామూలుగా ఉందమ్మా. నీ కిడ్నీ తీసుకుంటాం."

మెర్సీ వెంటనే తమ్ముడి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ అన్నిటికీ జోకులేసిన సాల్మన్ అక్క కొంగులో ముఖం దాచుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.