ఊపి చూస్తే తెలుస్తుంది

మా ఇంట్లో ఏ డబ్బా మీద రాసి ఉన్నదీ ఆ డబ్బాలో ఉండదు. బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారపు ఉండలూ ఉంటాయి. గోడలకి వేసే రంగు వచ్చిన బకెట్లో బియ్యం, జామ్ సీసాలో ఉప్పు. పెళ్ళయి వచ్చిన వారంలోనే నేను షాంపూ సీసా తెరిచి తలకు పట్టించుకుంటే, అది గిన్నెలు తోమే సబ్బని తేలింది. జుట్టు ఆరాక చీపురు పుల్లల్లా నిలబడింది. మా అత్తగారు పడీపడీ నవ్వి, తెరిచే ముందు ఊపి చూడాలమ్మాయ్ అన్నారు.

ఊపి చూడటం ఆవిడ పద్ధతి. ఏ సీసా అయినా చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఆడిస్తారు, లోపల ఏముందో చెప్పేస్తారు. చీటీలు అంటించమని నేను నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. చీటీకి కాగితం దండగ, జిగురు దండగ, రేపు అందులో ఇంకోటి పోస్తే మళ్ళీ పీకాలి, ఇదీ ఆవిడ వాదన. మా ఆయనా అంతే, కళ్ళు మూసుకుని ఊపి ఇది పంచదార, ఇది రవ్వ అంటాడు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి అదో విద్య. నాకు మాత్రం ఒళ్ళుమంట. అయినా గట్టిగా ఒక మాట అనలేను. ఆవిడ అలా ఏదీ పారెయ్యకుండా నెట్టుకురాబట్టే మా ఆయనకి పని లేని ఏడాది మేం ఎవరి గుమ్మమూ ఎక్కలేదు.

ఆ సీసాల్లో ఒకటి నాదే. పాప కడుపులో ఉన్నప్పుడు నేను మింగిన ఐరన్ మాత్రల సీసా. మందు పేరు ప్లాస్టిక్ మీదే అచ్చేసి ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా పోదు. మాత్రలు అయిపోగానే అత్తగారు దాన్ని ఎండబెట్టి ఎర్ర చక్కెర బిళ్ళలు పోశారు. పాపకిప్పుడు మూడేళ్ళు. మారాం చెయ్యకుండా అన్నం తింటే నానమ్మ ఆ సీసా తీసి రెండు బిళ్ళలు చేతిలో పెడుతుంది.

మొన్న మా ఆడపడుచు వచ్చి వారం రోజులు ఉంది. ఆమెకిప్పుడు అయిదో నెల. నేను చూపించుకున్న ఆస్పత్రే కాబట్టి ఆమెకీ అవే మాత్రలు, అదే సీసాలో ఇచ్చారు. ఆ మాత్రలూ ఎర్రగానే ఉంటాయి, పైన తియ్యటి పూత. శనివారం మధ్యాహ్నం బస్సుకి ఆమె వెళ్ళిపోయేసరికి నేను ఇంట్లో లేను. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను, శనివారం ఒంటిపూట పని. మా ఆయన లారీలో సరుకు వేసుకుని వేరే ఊరు వెళ్ళాడు.

నేను వచ్చేసరికి పాప వంటింట్లో బల్ల కింద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ సీసా, పక్కన మూత. నోరంతా ఎరుపు. సీసా తలకిందులు చేసి దులిపాను, ఒక్కటీ రాలలేదు.

అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు. ఇది ఏ సీసా అని అడిగాను. మన చక్కెర బిళ్ళలదే అన్నారు. కూతురి సంచి సర్దుతుంటే పాప కాళ్ళకి అడ్డం పడుతోందట, కుదురుగా కూర్చుంటుందని చేతికిచ్చారట. అడుగున గుప్పెడు కూడా లేవులే అన్నారు. మరి ఆమె మాత్రల సీసా ఏదంటే, సంచిలో తనే పెట్టానన్నారు. రెండూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయట.

"ఊపి చూసే పెట్టానమ్మాయ్. నాకు తెలీదా?"

నాకు ఆ మాత్రలు ఇచ్చిననాడు నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పింది, ఇవి మీకు మందు, పసిపిల్లలకి విషం, అందకుండా పెట్టుకోండని. సీసాకి ముక్కు ఆనించి చూశాను. తియ్యటి వాసన, కానీ ఆ మాత్రల పూతదీ అదే వాసన. పాత సీసానో కొత్తదో తేదీ చూద్దామంటే అది అట్టపెట్టె మీద ఉంటుంది, ఆ పెట్టెల్ని అత్తగారు ఎప్పుడో కత్తిరించి దారాలు చుట్టేశారు.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. బస్సెక్కితే ఆమె నిద్రపోతుంది, పక్కన బాంబు పడ్డా లేవదు. పాపని దగ్గరికి తీసుకుని ఏం తిన్నావమ్మా అంటే బిళ్ళలంది. ఎన్ని తిన్నావంటే అన్నీ అంది.

ఆస్పత్రికి పదండి అన్నాను. చక్కెర బిళ్ళలు తిన్న పిల్లని ఎత్తుకెళ్తే అక్కడ నవ్విపోతారంటూ అత్తగారు బట్టలు ఆరేస్తూనే ఉన్నారు. ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. అనిపించాలనే కోరుకున్నాను. ఆవిడ చెవి ఎప్పుడూ తప్పలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా.

అప్పుడే పాప నా భుజం మీద వాంతి చేసుకుంది. ఎర్రగా వచ్చింది. బిళ్ళల రంగే అది అన్నారు అత్తగారు, కానీ ఆవిడ గొంతులో ఇందాకటి ధీమా లేదు. నేనింక ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి ప్లంబర్ తలుపు బాదాను. ఆయన అన్నం పళ్ళెం వదిలేసి వ్యాన్ తీశాడు. వెనక పైపుల మధ్య నేనూ పాపా, ముందు అత్తగారు. దారి పొడుగునా ఆవిడ తనలో తనే గొణుక్కుంటున్నారు, ఊపి చూశానే, చూసే ఇచ్చానే అని. ఇంకోసారి ఆ మాట అన్నారంటే ఇక్కడే దిగిపోండి అన్నాను. అత్తగారిని అంత మాట నేను ఎన్నడూ అనలేదు. పాప రెండోసారి వాంతి చేసుకుని నా ఒళ్ళో వాలిపోయింది.

డాక్టరు చిన్న వయసావిడే, ఎక్కువ మాట్లాడే రకం కాదు. సీసా తీసుకుని చదివింది. ఎన్ని మింగిందని అడిగింది. తెలియదన్నాను. అసలు మింగినవి ఇవేనా అంటే అదీ తెలియదన్నాను. మా ఇంట్లో సీసా మీద ఉన్నది సీసాలో ఉండదని చెప్తుంటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ చుట్టాల దగ్గర చెప్పి నవ్వించిన సంగతే అది.

డాక్టరు విడమరిచి చెప్పింది. ఐరన్ మాత్రలైతే నిమిషం ఆలస్యం చెయ్యకూడదు, ముక్కులోంచి గొట్టం వేసి పేగులన్నీ కడగాలి, రక్తంలో కలిసినదానికి విరుగుడు ఎక్కించాలి. చక్కెర బిళ్ళలైతే ఇంత పసిదాన్ని ఊరికే హింస పెట్టినట్టవుతుంది. ఎక్స్‌రేలో మాత్రలు కనపడితే సరే, కరిగిపోయి ఉంటే కనపడవు, రక్తపరీక్ష వచ్చేదాకా కూర్చోవడమూ మంచిది కాదు. సీసాలో ఏం పోశారో తెలిసినవాళ్ళు ఎవరున్నారని అడిగింది.

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంటి దగ్గర్నుంచీ చెప్తున్న మాటే ఇప్పుడూ చెప్తే సరిపోతుంది. డాక్టరు గొట్టం పక్కన పెడుతుంది, ఆవిడ పరువు నిలబడుతుంది. ఆ మాట అనేస్తారేమోనని నాకు భయం, అది నిజమైతే బాగుండునని అంతకు మించిన ఆశ. ఆవిడ పాప మొహం చూశారు, ఎండిపోయిన పెదాలు చూశారు.

"నా మాట నమ్మకండి డాక్టరమ్మా," అన్నారు. "నేను చదవలేదు, తెరిచి చూడలేదు, ఊపి చేతికిచ్చాను. దాని మీద ఏం రాసుంటే అదే తిన్నదనుకోండి. వెయ్యండి గొట్టం."

డాక్టరు వెంటనే నర్సుని పిలిచింది. పాప కాళ్ళు నేను పట్టుకున్నాను, చేతులు అత్తగారు. పిల్ల ఏడ్చిన ఏడుపు నా జన్మలో మర్చిపోను. నానమ్మా వద్దు, నానమ్మా వద్దని ఆవిడనే బతిమాలింది, అమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ మాత్రం పట్టు సడలించలేదు.

గొట్టానికి టేపు అంటిస్తుండగా నా ఫోన్ మోగింది. ఆడపడుచు నిద్రగొంతుతో ఏంటి వదినా ఇన్నిసార్లు చేశావంది. సంచిలో సీసా తీసి ఒక మాత్ర కొరికి చూడమన్నాను. ఎందుకని అడగబోతే అరిచాను. స్పీకర్ పెట్టాను. బస్సు హోరు, సంచి జిప్పు తీసిన చప్పుడు, తర్వాత పటుక్కుమని కొరికిన చప్పుడు.

"ఇది మాత్ర కాదు వదినా. లోపలంతా చక్కెరే. అమ్మ నాకు బిళ్ళల సీసా పెట్టిందా?" అని నవ్వింది. "మరి నా మాత్రలేవి?"

ఫోన్‌లో పాప ఏడుపు వినపడినట్టుంది, ఆమె నవ్వు ఆగిపోయింది. అత్తగారు పాప చేతులు వదల్లేదు. నర్సు స్టూలు జరిపి ఆవిడని కూర్చోబెట్టింది. డాక్టరు ఫోన్ వైపు చూసి, సీసా వైపు చూసి, ఇంకొంచెం ఆగి ఉంటే పిల్ల చేతికి దక్కేది కాదని మెల్లగా అంది.

మర్నాడు పొద్దున ఎండ కిటికీలోంచి మంచం మీద పడేవేళకి పాప కళ్ళు తెరిచింది. డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి, కాగితాలు చూసి, గండం గడిచిందంది. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాను.

గొట్టం తీశాక పాప నీళ్ళడిగింది. నానమ్మనే అడిగింది. బల్ల మీద ప్లంబర్ కొనిచ్చి వెళ్ళిన నీళ్ళ సీసా ఉంది, మూతకి సీలు కూడా తియ్యనిది. అత్తగారు దాన్ని అందుకోబోయి ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నువ్వు చూసి పట్టమ్మాయ్. నా చేత్తో వద్దు."

ఇన్నేళ్ళ మా పోట్లాటలో నేను గెలవడమంటే ఇదే. ఇంటికెళ్ళగానే ఆ డబ్బాలన్నీ వీధిలోకి విసిరి కొడతానని నిన్నంతా అనుకున్నదాన్ని, ఆ మాట వినగానే ఆ కోపం మర్చిపోయాను. ఏ సీసా తెరవాలన్నా ఈవిడ ఇకమీదట ఇలాగే నా మొహం వైపు చూస్తారనుకుంటే భరించలేకపోయాను. సీలు తీసి, నీళ్ళు కప్పులో పోసి ఆవిడ చేతిలో పెట్టాను. "మీరే పట్టండి అత్తయ్యా, మిమ్మల్నే కదా అడిగింది," అన్నాను. ఆవిడ కప్పు వంచేసరికి సగం నీళ్ళు దుప్పటి మీద పోయాయి. పాప నానమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని మిగిలిన నీళ్ళు తాగింది.